బడి తెరిచే ముందు ఆరు వారాలు, తెరిచాక ఆరు వారాలు

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడిలో మొదటి నెల ఇబ్బంది వచ్చేది అక్షరాల దగ్గర కాదు. గేటు దగ్గర, గంట మోగినప్పుడు, బాత్రూం గడియ దగ్గర, లంచ్ బాక్సు మూత దగ్గర. ఒక పని ఆపి ఇంకో పనికి మారాల్సిన ప్రతిచోటా. ఇంట్లో మాత్రం బడికి ముందు నెలలన్నీ ఏబీసీడీలకూ అంకెలకే అయిపోతుంటాయి. అవి తర్వాతైనా వస్తాయి. మొదటి నెలకి ఒకటే లక్ష్యం పెట్టుకోండి: ఈరోజు బడికి వెళ్లిన పిల్లాడు రేపు కూడా వెళ్లగలగాలి.

ఆటిజం, ఏడీహెచ్‌డీ, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, వినికిడి లోపం, చూపు లోపం, మాట ఆలస్యం. ఒక్కోదానికి ఒక్కో అవసరం. మీ బిడ్డకు సంబంధం లేని భాగం వదిలేయండి. మాట తీరు గురించి, కార్డుల గురించి రాసింది మాత్రం అందరూ చదవండి.

ముందు పెద్దవాళ్లు వెళ్లి చూడండి

ఆరు వారాల ముందు బిడ్డను ఇంట్లో ఉంచి మీరు వెళ్లండి. గేటు నుంచి తరగతి దాకా ఎన్ని మెట్లు, బాత్రూం ఎంత దూరం, దాని గడియ ఏ ఎత్తులో ఉంది, కొళాయి తిప్పేదా నొక్కేదా, గంట తరగతికి ఎంత దగ్గర, ఎండ ఏ కిటికీలోంచి పడుతుంది, ఇవన్నీ రాసుకోండి. వీల్‌చైర్ వాడే బిడ్డ అయితే టేపు పట్టుకెళ్లండి. తలుపు తీశాక మిగిలే ఖాళీ కనీసం 80 సెంటీమీటర్లు ఉండాలి. బాత్రూంలో కుర్చీ చుట్టూ తిరగడానికి 150 సెంటీమీటర్ల జాగా కావాలి. ర్యాంపు 1:12 కన్నా నిటారుగా ఉండకూడదు, అంటే అర మీటరు ఎత్తు ఎక్కాలంటే 6 మీటర్ల పొడవు. "వెడల్పుగానే ఉంటుందండి" అన్న మాట సరిపోదు, కొలవండి. తలుపు సరిపోయినా దాని వెనక బకెట్టో బీరువానో ఉండి సగమే తెరుచుకోవడం మామూలే.

బిడ్డను కనీసం మూడుసార్లు తీసుకెళ్లండి. మొదటిసారి ఎవరూ లేనప్పుడు, 15, 20 నిమిషాలు చాలు. రెండోసారి టీచర్ ఉన్నప్పుడు, ఆమెతో ఏదో ఒక చిన్న పని కలిసి చేసేలా. మూడోసారి పిల్లలు ఉన్నప్పుడు, కానీ గేటు బయట నుంచి ఆ హోరు వినడానికి మాత్రమే. ప్రతిసారీ బిడ్డ ఇంకా హాయిగా ఉండగానే బయల్దేరండి. విసుగొచ్చి ఏడుపు మొదలయ్యాక వస్తే, బడి అంటే ఆ ఏడుపే గుర్తుంటుంది.

ఫోటోలు తీసేటప్పుడు మోకాళ్ల మీద కూర్చుని బిడ్డ కళ్ల ఎత్తు నుంచి తీయండి. మనం నిలబడి తీసిన ఫోటోలో బల్ల పైభాగం కనిపిస్తుంది, బిడ్డకు కనిపించేది దాని అంచు. గేటు, చెప్పులు పెట్టే చోటు, తన కుర్చీ, బ్యాగు తగిలించే కొక్కెం, బాత్రూం, తినే చోటు, టీచర్ ముఖం, మళ్లీ మీరు వచ్చి నిలబడే చోటు: ఎనిమిది ఫోటోలు, ఒక్కోదాని కింద ఒక్క వాక్యం. రోజూ పడుకునే ముందు తిరగేయండి. చివరి ఫోటో ఎప్పుడూ మీరే ఉండాలి. టీచర్ చివరి నిమిషంలో మారే అవకాశం ఉంటే ఆ పేజీ విడిగా మార్చుకునేలా పెట్టుకోండి.

టీచర్ చేతికి ఒక్క పేజీ

ఇరవై పేజీల రిపోర్టు ఫైలులోకే వెళ్తుంది. ముప్పై మంది పిల్లల మధ్య నిలబడ్డ టీచర్‌కి కావాల్సింది ఒకవైపు మాత్రమే రాసిన ఒక్క కాగితం. రోగం పేరుతో మొదలుపెట్టకండి. బిడ్డకు ఇష్టమైన మూడు విషయాలతో మొదలుపెట్టండి, టీచర్ మొదటి పలకరింపు అక్కణ్నుంచే వస్తుంది. ఆ తర్వాత వరసగా:

- అవును, కాదు ఎలా చెబుతాడు. బాత్రూం వస్తే ఏం చేస్తాడు.
- అవస్థ మొదలయ్యే ముందు కనిపించే గుర్తులు. చెవులు మూసుకోవడం, చొక్కా కాలర్ నమలడం, ఒకే మాట పదే పదే అనడం, ఉన్నట్టుండి నిశ్శబ్దం అయిపోవడం.
- అప్పుడు పనిచేసేది ఏమిటి, చేయకూడనిది ఏమిటి.
- మందులు, అలర్జీలు, ఫిట్స్ ఉంటే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో.

"కోపం ఎక్కువ", "మొండి" లాంటి మాటలు రాయకండి. "పక్కన కుర్చీ ఈడ్చిన చప్పుడుకి చెవులు మూసుకుంటాడు, బయట రెండు నిమిషాలు నడిపిస్తే సర్దుకుంటాడు" అని రాస్తే టీచర్ ఏదో ఒకటి చేయగలుగుతుంది. నాలుగు కాపీలు తీయండి: తరగతి టీచర్‌కి, ఆయాకి, బస్సులో ఉండే మనిషికి, టీచర్ సెలవు పెట్టిన రోజు వచ్చేవాళ్ల కోసం. నాలుగోది అందరూ మర్చిపోతారు. అన్నిటికన్నా ఎక్కువ అవసరం పడేది అదే.

ఇంట్లో నేర్పాల్సినవి

బిడ్డ తన మీద తనే ఆధారపడేలా చేసే పనులు ఐదు: బాత్రూంకి వెళ్లాలని చెప్పడం, బట్టలు దించి మళ్లీ వేసుకోవడం, డబ్బా మూత తీయడం, నీళ్ల సీసా తీయడం, సాయం అడగడం.

లంచ్ బాక్సు సంగతి కాస్త వివరంగా చూద్దాం, మిగతావన్నీ ఇదే పద్ధతి. నాలుగు పక్కలా క్లిప్పులున్న డబ్బా అనుకోండి. మొదటి మూడు క్లిప్పులూ మీరే తీయండి. నాలుగోది సగం తీసి, బిడ్డ బొటనవేలు దాని కింద పెట్టించి, మిగతా సగం తనతోనే తీయించండి. మూత లేస్తుంది, తిండి కనిపిస్తుంది. వరసగా మూడు రోజులు మీ చెయ్యి తగలకుండా తీస్తే, నాలుగోది మొత్తం బిడ్డది. ఆ తర్వాత మూడోదీ నాలుగోదీ. ఇలా చివరి నుంచి మొదటికి రావాలి. మొదటి క్లిప్పు నుంచి మొదలుపెడితే బిడ్డ కష్టపడి ఒకటి తీస్తాడు, డబ్బా తెరుచుకోదు, మిగతాది అమ్మ తీసేస్తుంది. కష్టం తనది, ఫలితం ఇంకొకరిది. చివరి నుంచి నేర్పితే ప్రతిసారీ పని పూర్తిచేసింది తనే అవుతాడు. ప్యాంటు పైకి లాక్కోవడం, జిప్పు, చెప్పు పట్టీ అన్నీ ఇలాగే.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, నెల రోజులు పాత డబ్బాతో నేర్పి బడి తెరిచే ముందు రోజు కొత్త డబ్బా కొంటారు. బడికి ఏది తీసుకెళ్తారో దానితోనే నేర్పండి. నేల మీద కూర్చుని తినే బడి అయితే నేల మీద, బల్ల అయితే బల్ల మీద. విరామం ఎన్ని నిమిషాలో కనుక్కుని గడియారం పెట్టి చూడండి. 20 నిమిషాల విరామంలో 12 నిమిషాలు మూతకే పోతే బిడ్డ ఆకలితోనే మధ్యాహ్నం తరగతిలో కూర్చుంటాడు.

యూనిఫాం ముందే కొని నాలుగైదు సార్లు ఉతకండి, మెడ వెనక లేబుల్ కుట్టుతో సహా విప్పేయండి, సగం కత్తిరిస్తే మొన మరింత గుచ్చుకుంటుంది. బొత్తాల ప్యాంటు కన్నా నడుముకి ఎలాస్టిక్ ఉన్నది మేలు. రోజుకో గంట వేసి తిప్పండి. నిద్ర వేళ రెండు వారాల ముందు నుంచి, రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాలు త్వరగా పడుకునేలా జరపండి. బ్యాగు బరువు బిడ్డ బరువులో పదో వంతు దాటకూడదు. కండరాల పట్టు తక్కువగా ఉన్న పిల్లలకు అది కూడా ఎక్కువే.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు బడికి ముందే వినికిడి, చూపు పరీక్షలు చేయించండి. చెవిలో నీరు చేరడం వీళ్లలో తరచూ జరుగుతుంది, పైకి అది "చెప్పింది వినడు" అన్నట్టు కనిపిస్తుంది. మెడ ఎముకల పట్టు సడలి ఉండొచ్చు కాబట్టి పిల్లిమొగ్గలు, తల మీద నిలబడటం లాంటివి డాక్టర్‌ని అడిగాకే.

మాట తీరు

ఇది టీచర్‌కీ ఇంట్లోవాళ్లకీ కూడా. తెలుగులో వద్దని చెప్పే గుర్తు క్రియ చివర్లో వస్తుంది. "పరిగెత్తు", "పరిగెత్తకు". రెండింటికీ తేడా ఆఖరి చిన్న శబ్దం. గోలగా ఉన్న గదిలో, వినికిడి తక్కువ ఉన్న పాపకో, మాట అర్థం చేసుకోవడానికి సమయం పట్టే పిల్లాడికో గట్టిగా చేరేది "పరిగెత్త" దాకానే. వాడు పరిగెత్తుతాడు, మాట వినలేదని దెబ్బలాడతాం. చేయకూడనిది కాదు, చేయాల్సింది చెప్పండి. "నడువు." "చెయ్యి కింద పెట్టు." "కూర్చో."

ప్రశ్న రూపంలో మందలించే అలవాటు కూడా మనకు ఎక్కువ. "ఏం చేస్తున్నావ్ అక్కడ?" అంటే ఆపమని మన అర్థం. మాటకు మాటగా అర్థం చేసుకునే ఆటిజం ఉన్న పిల్లాడు "నిలబడ్డాను" అంటాడు. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అంటే "మూడు" అంటాడు. అది ఎదురు చెప్పడం కాదు, అడిగినదానికి సమాధానం. ఈ ఒక్క విషయం టీచర్‌కి మొదటి రోజే చెబితే చాలా శిక్షలు తప్పుతాయి.

పేరు పిలిచి, ఒక్క పని చెప్పి, పది సెకన్లు మౌనంగా ఆగండి. మనసులో లెక్కపెడితే ఎంత పొడుగో తెలుస్తుంది. మూడో సెకనులోనే అదే పని వేరే మాటల్లో మళ్లీ చెబితే, బిడ్డ బుర్రలో సగం నడిచిన పని మొదటికొస్తుంది. మళ్లీ చెప్పాల్సి వస్తే అవే మాటలు, అదే వరస. కళ్లలోకి చూడమని బలవంతం చేయొద్దు. చూస్తూ వినడం కొందరికి రెండు పనులు.

కార్డులు

మాట గాలిలో పోతుంది, బొమ్మ అక్కడే ఉంటుంది. రోజు వరసను బొమ్మలతో చూపే పద్ధతికి బలమైన పునాది వేసింది మనస్తత్వవేత్త ఎరిక్ షోప్లర్ 1972లో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో, ఆటిజం ఉన్నవాళ్ల కోసం మొదలుపెట్టిన టీచ్ (TEACCH) కార్యక్రమం. చేసుకోవడానికి ఖర్చేం లేదు. గట్టి అట్ట, 6 సెంటీమీటర్ల చదరపు ముక్కలు, ఒక్కోదాని మీద ఒక పని బొమ్మ, వెనక వెల్క్రో, నిలువుగా ఒక పట్టీ, కింద "అయిపోయింది" అని రాసిన కవరు. పని అయ్యాక కార్డు తీసి కవరులో వేసేది బిడ్డే. ఆ చేతి పనే మార్పుకు తలుపు.

రెండు కార్డులతో మొదలుపెట్టండి: "ముందు ఇది, తర్వాత అది". అది పట్టుబడ్డాక నాలుగైదు. మొదటి రోజే పదిహేను కార్డులు పెడితే అది గోడకు అలంకరణ. "మార్పు" అనే కార్డు ఒకటి తప్పక చేయండి, దాన్ని మొదట మంచి మార్పులకే వాడండి, రాత పని తీసి ఆట పెట్టడం లాంటివి. చేదు మార్పుకి మాత్రమే బయటికి తీస్తే ఆ కార్డు చూడగానే ఏడుస్తారు. కార్డులు పనిచేయలేదని అన్నచోట చూస్తే, గొడవ జరిగినప్పుడు మాత్రమే వాటిని బయటికి తీసి ఉంటారు. హాయిగా ఉన్నప్పుడు వాడితేనే అవస్థలో అందుతాయి.

మాట రాని, తక్కువగా ఉన్న పిల్లలకు మెడలోనో నడుముకో రింగులో ఐదు చిన్న కార్డులు: బాత్రూం, నీళ్లు, సాయం, ఆపు, విరామం. "ఆపు" చూపిస్తే నిజంగా ఆపాలి. మొదటి రెండు వారాల్లో చూపించిన ప్రతిసారీ. మాట చెల్లుతుందని తెలిస్తేనే కొట్టడం, కొరకడం తగ్గుతాయి. కార్డులు, ట్యాబ్ వాడితే మాట రాకుండా పోతుందన్న భయం అక్కర్లేదు, వాటివల్ల మాట ఆగిపోదు. అల్లరి చేశాడని వాటిని లాక్కోవడం మాత్రం ఎప్పటికీ వద్దు. అది నోరు నొక్కడమే.

కుర్చీ, చెవి, కన్ను

పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. నడుము, మోకాలు, చీలమండ దాదాపు 90 డిగ్రీల్లో ఉండాలి, బల్ల మోచేతి ఎత్తులో. కాళ్లు వేలాడుతుంటే ఒళ్లు నిలబెట్టుకోవడానికే బలం పోతుంది, రాసే చెయ్యికి మిగలదు. అందని పాదాల కింద పాత పుస్తకాలు కట్టి పెట్టినా సరే, జారకుండా ఉంటే చాలు.

హియరింగ్ ఎయిడ్ ఉన్న పాప టీచర్‌కి దగ్గరగా, బాగా వినిపించే చెవి గది వైపు ఉండేలా కూర్చోవాలి. ఖాళీ చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. తరగతిలో దానికి తోడు గోల. అందుకే గొంతు పెంచడం కన్నా రెండడుగులు దగ్గరికి రావడం మేలు. బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దు, కిటికీకి వీపు పెట్టి నిలబడొద్దు. వెలుతురు వెనక ఉంటే పెదవులు కనపడవు. రోజూ ఉదయం ఇంట్లో, మాటలోని శబ్దాలు పరికరంతో అందుతున్నాయో లేదో చూసే లింగ్ ఆరు శబ్దాల పరీక్ష చేయండి: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. వెనక నిలబడి, ఒక్కోటి వేర్వేరు వరసలో, మధ్యలో ఆగే సమయం మారుస్తూ అనండి. విన్నప్పుడల్లా బిడ్డ డబ్బాలో ఒక గింజ వేయాలి. నిన్న విన్న "స్" ఈరోజు వినలేదంటే బ్యాటరీ, గుమిలి, తేమ, ఈ మూడూ ముందు చూడండి. జింక్-ఎయిర్ బ్యాటరీ స్టిక్కర్ తీశాక ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టండి.

చూపు తక్కువ ఉన్న పిల్లలకు అక్షరం సైజుతో పాటు నలుపు తెలుపు తేడా ముఖ్యం. మసకగా ఉన్న జిరాక్సు ఎంత పెద్దదైనా పనికిరాదు.

మొదటి రోజులు

వీలైతే జనం రాకముందు పది నిమిషాలు ముందే చేరండి. నిండిన గదిలోకి అడుగుపెట్టడం కన్నా, ఖాళీ గది మెల్లగా నిండటం సులువు. బడి ఒప్పుకుంటే మొదట గంట, గంటన్నర ఉంచి, రెండు మూడు రోజులకోసారి అరగంట పెంచండి. ఏ టైముకి ఇంటికి తీసుకెళ్తారో ముందే ఖాయం చేసుకోండి. ఏడ్చిన వెంటనే ఇంటికి పంపితే, ఇంటికి వెళ్లడానికి దారి ఏడుపే అని బిడ్డ నేర్చుకుంటాడు.

వీడ్కోలు ఒకేచోట, అవే మాటలతో, అర నిమిషంలో. చూడనప్పుడు జారుకోవడం వద్దు. ఒకసారి అలా చేస్తే మర్నాడు మీ కొంగు వదలరు.

అదుపు తప్పినప్పుడు

అది అల్లరి కాదు, భరించలేకపోవడం. మాటలు తగ్గించండి, చుట్టూ మనుషుల్ని తగ్గించండి, వీలైతే వెలుతురు తగ్గించండి. "ఎందుకు ఏడుస్తున్నావ్?" అని అడగొద్దు. తగిలే వస్తువులు జరిపి, ఒక్కరే పక్కన కూర్చోండి. ఏడుపు ఆగగానే పుస్తకం ముందు పెట్టొద్దు. ఒళ్లు మామూలు అవడానికి అరగంటైనా పడుతుంది.

రెండు వారాలు ఒక పట్టిక రాయించండి: టైము, అంతకు ముందు ఏం జరిగింది, బిడ్డ ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. నాలుగు గళ్లు, ఒక్కో గడిలో ఒక వాక్యం. "రాయనని పెన్సిల్ విసిరాడు" అని ఐదుసార్లు ఉంటే, టైము గడి చూడండి. ఐదూ 11:30 ప్రాంతంలోనే అయితే సమస్య రాత కాకపోవచ్చు, ఆకలో, ఆపుకున్న మూత్రమో, పక్క తరగతి ఆటకు బయల్దేరే చప్పుడో.

బడిలో రోజంతా బుద్ధిగా ఉండి ఇంటికి రాగానే బద్దలయ్యే పిల్లలు ఉంటారు. అంతసేపు బిగబట్టుకున్నదంతా అప్పుడు బయటికొస్తుంది. వచ్చిన వెంటనే "ఏం నేర్చుకున్నావ్?" అనొద్దు. ముప్పావుగంట తిండి, నిశ్శబ్దం, తనకిష్టమైనది.

ఫిట్స్ ఉన్న పిల్లల టీచర్‌కి ఇది నేర్పండి: టైము చూసుకోవాలి, పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టాలి, తల కింద మెత్తనిది పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, కదలకుండా అదిమి పట్టకూడదు. 5 నిమిషాలు దాటినా, ఒకటి తగ్గి తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా వెంటనే అంబులెన్స్. డాక్టర్ రాసిన అత్యవసర మందు బడిలో ఎక్కడ ఉందో ఇద్దరికి తెలియాలి. నిద్ర తక్కువైన రాత్రి తర్వాత ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి, ఆ ఉదయం టీచర్‌కి ఒక ముక్క చెప్పండి.

తోటి పిల్లలు

పిల్లలకు రోగం పేరు అక్కర్లేదు. మీరు సరేనంటే టీచర్ చెప్పాల్సింది ఇంతే: "తనకి పెద్ద చప్పుడంటే నొప్పి. మాట బదులు కార్డు చూపిస్తుంది. కార్డు చూపిస్తే జవాబు చెప్పండి." ఒకే పాపను రోజూ తోడుగా పెట్టొద్దు. ఆమె అలసిపోతుంది, స్నేహం కాస్తా డ్యూటీ అవుతుంది. తోడుగా రోజుకొకరిని మార్చండి. ఇద్దరు పిల్లలతో పది నిమిషాల ఆట ఆడించండి, ముందు వంతు ఎవరిదో కార్డుతో చూపిస్తూ.

రెండో వారం, ఆరో వారం

ఇంటికీ బడికీ మధ్య చిన్న పుస్తకం తిరగాలి. రోజుకు మూడు వాక్యాలు: తిన్నాడా, బాత్రూంకి వెళ్లాడా, ఈరోజు బాగా జరిగింది ఒకటి. మూడోది ఖాళీగా ఉండకూడదు. ఫిర్యాదులు మాత్రమే మోసే పుస్తకాన్ని వారం తిరక్కుండా ఇంట్లోవాళ్లు తెరవడం మానేస్తారు.

రెండో వారం చివర 20 నిమిషాలు, ఆరో వారం చివర ఇంకోసారి టీచర్‌తో కూర్చోండి, పట్టిక ముందు పెట్టుకుని. బాగానే ఉంటున్నాడు కదా అని కార్డులు, విరామాలు ఒకేసారి తీసేయడం ఈ దశలో జరిగే పెద్ద పొరపాటు. తగ్గించాలనుకుంటే ఒకసారికి ఒక్కటి, రెండు వారాల పాటు. విరామం 10 నిమిషాల నుంచి 7కి, లేదా ఐదు కార్డుల్లో ఒకటి. మళ్లీ అవస్థ పెరిగితే మర్నాడే వెనక్కి తెచ్చి, ఆ తేదీ ఒక్క పేజీ కాగితం మీద రాసి, నాలుగు కాపీలూ మార్చండి.